మీ ప్రశ్నలు – మా జవాబులు: మలేరియా పరిశోధన డాక్టర్లకేనా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ ఆఖరి సంవత్సరం. మలేరియా మీద పరిశోధన చేస్తానంటోంది. అది ఎంబీబీఎస్ వాళ్ల పని అని చుట్టాలు నిరుత్సాహపరుస్తున్నారు. దారి ఉందా? – ఓ తల్లి, రాయగడ

జవాబు: ఉంది. రోగికి మందు రాయాలంటే డాక్టరే కావాలి గానీ, దోమ గుట్టు తేల్చడానికి జువాలజీయే పునాది. మలేరియాను దోమ మోస్తుందని తేల్చిన రొనాల్డ్ రాస్ సైనిక వైద్యుడు. మలేరియాతో సంబంధం లేని దోమల్ని కోసి చూస్తూ రెండేళ్లు పోగొట్టుకున్నాడు. రెక్కల మీద మచ్చలున్న దోమ చిక్కాకే, 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో, దాని పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవి కనబడింది. ఆ దోమది ఏ జాతో ఆయనకు తెలియదు! దోమలు తెలిసిన మనిషి పక్కనుంటే ఇంకా ముందే తేలేదేమో.

పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్‌లో పబ్లిక్ హెల్త్ ఎంటమాలజీ (రోగాలు మోసే కీటకాల శాస్త్రం) ఎమ్మెస్సీ ఉంది, రెండేళ్లు. మీ పక్క కోరాపుట్ జిల్లాలో ఆ సంస్థ దోమల మీద ఏళ్ల తరబడి పనిచేసింది. పరాన్నజీవి మీద ఆసక్తి ఉంటే బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ చేసి, సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ రాసి పీహెచ్‌డీలో చేరొచ్చు. దానికి ఓ ఐదేళ్లు వేసుకోండి.

ఈలోగా అమ్మాయిని గెడ్డ (వాగు) దగ్గరకు పంపండి. మీ కొండల్లో మలేరియా మోసే ముఖ్యమైన దోమ అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్. మురుక్కాలవ దీనికి పడదు; గడ్డి వంగిన గెడ్డ అంచున, మెల్లగా పారే తేట నీటిలో గుడ్లు పెడుతుంది. తెల్లటి గరిటెతో అంచున ముంచి, నీళ్లు తేరుకునేదాకా కదలకుండా పట్టుకోవాలి. నీటి మీద అడ్డంగా, పుల్ల తేలినట్టు పడుకున్నది అనాఫిలిస్ పిల్ల. తల కిందికి వేలాడేది క్యూలెక్స్. గరిటె మీద మన నీడ పడితే రెండూ అడుక్కి పోతాయి. మొదటిరోజు ఖాళీ గరిటెలు రావడానికి చాలావరకు ఇదే కారణం.

తర్వాత స్లైడు, అంటే గాజు పలక మీద రక్తపు పూత వేసి పరాన్నజీవిని వెతకడం. మందపు పూత సెంటీమీటరు వెడల్పుండాలి, కింద పెట్టిన పేపరు అక్షరాలు లీలగా కనబడాలి. చిక్కగా వేస్తే రంగు నీళ్లలోనే ఊడిపోతుంది. వానాకాలం ఆరడంలేదని దీపం సెగ చూపిస్తారు, అక్కడే చెడుతుంది: వేడికి ఎర్రకణాలు అంటుకుపోయి పగలవు, పరాన్నజీవి కనబడదు. అందుకే మందపు పూతకు మిథనాల్ కూడా తగలనివ్వకూడదు. పల్చటి పూతకు మాత్రం అది తప్పనిసరి. గీమ్సా రంగు కలిపే నీటి పీహెచ్ 7.2 ఉండాలి. నూరు రెట్ల ఆయిల్ లెన్సు కింద కనీసం 100 ఫీల్డులు చూడకుండా ‘లేదు’ అని రాయడానికి వీల్లేదు. విసుగు పుట్టించే పనే. దాన్ని ఓపిగ్గా చేసేవాళ్లకే ఈ రంగం.

ప్రశ్న: ఫాల్సిపేరం రకం మలేరియాకు మాత్రలు వేసి పదిహేను రోజులైంది, జ్వరం లేదు. మలేరియా పరీక్ష కిట్టులో మళ్లీ గీత వచ్చింది. మందు పనిచేయలేదా? – జయపురం పాఠకుడు

జవాబు: తొందరపడకండి. ఆ గీత పరాన్నజీవి వదిలిన హెచ్ఆర్‌పీ-2 అనే ప్రొటీనుది. పరాన్నజీవి చచ్చాక కూడా అది కొన్ని వారాలు రక్తంలో మిగులుతుంది. స్లైడు పరీక్ష చేయించండి, అసలు సంగతి అందులో తేలుతుంది. మళ్లీ జ్వరమొస్తే మాత్రం ఆగొద్దు.

ప్రశ్న: అత్తయ్యకు వైవాక్స్ రకం మలేరియా ఏడాదికోసారి తిరగబెడుతోంది. మళ్లీ మళ్లీ దోమ కుట్టడం వల్లేనా? – సిరొంచ

జవాబు: కావచ్చు, కాకపోవచ్చు. వైవాక్స్ కాలేయంలో నిద్రపోయి నెలల తర్వాత లేస్తుంది. క్లోరోక్విన్ రక్తంలోవాటినే చంపుతుంది. నిద్రపోయేవాటికి ప్రైమాక్విన్ కావాలి, కిలోకు 0.25 మి.గ్రా. చొప్పున 14 రోజులు. నాలుగోనాటికి జ్వరం తగ్గిందని చాలామంది ఆపేస్తారు. అత్తయ్య ఎన్ని మాత్రలు మింగారో, ఎన్ని మిగిలాయో అడగండి. జీ6పీడీ (ఎర్రకణాలను కాపాడే ఎంజైము) లోపం ఉన్నవాళ్లకు ఈ మాత్రతో ఎర్రకణాలు పగిలిపోతాయి: మూత్రం నల్లగా వస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. గర్భిణులకు ఇది ఇవ్వరు.

ప్రైమాక్విన్‌కు బదులు ఒక్క మోతాదుతో సరిపోయే టఫెనోక్విన్‌కు 2018లో అమెరికా అనుమతిచ్చింది, కానీ ముందు జీ6పీడీ పరీక్ష తప్పదు. ఆ పరీక్షను ఊరి ఆశా కార్యకర్త చేతికి ఎలా అందించాలన్నది, రాయగడ అమ్మాయీ, నువ్వు ఎంచుకోదగ్గ పరిశోధనాంశమే.