ఎడ్డీ జోన్స్ చెప్పింది సాకా, నిజమా? సిడ్నీ వెస్ట్ నుంచి నా అనుభవం

ప్రశ్న ఏంటంటే, 2023లో ఆస్ట్రేలియా రగ్బీ జట్టు వాలబీస్ కోచ్ పదవి వదిలేసి వెళ్తూ ఎడ్డీ జోన్స్, జట్టు మారాలంటే అందరూ ఒక తాటి మీద ఉండాలి, చేతిలో డబ్బుండాలి, ఇక్కడ రెండూ లేవు అన్నట్టు మాట్లాడాడు కదా, అది నిజమా లేక ఓడిపోయిన కోచ్ సాకా అని. నా వరకు అది నిజమే, కానీ ఆయన తప్పు కూడా చాలా ఉంది.

నేను సిడ్నీలో వెంట్‌వర్త్‌విల్ దగ్గర పన్నెండేళ్ళ నుంచి ఉంటున్నా. నాకు రగ్బీ నేర్పింది మా పక్కింటి ఫిజీ అంకుల్, వాళ్ళ ముత్తాత విశాఖ వైపు నుంచి చెరకు తోటల్లో కూలికి వెళ్ళారట, తెలుగు ముక్కలు రెండు మూడే మిగిలాయి గానీ రగ్బీ అంటే ప్రాణం ఆయనకి. 2023 వరల్డ్ కప్‌లో ఫిజీతో మ్యాచ్ మాకు రాత్రి 1:45కి, పొద్దున స్కూలున్నా మావాడు వాలబీస్ పసుపు జెర్సీ వేసుకుని వచ్చి అంకుల్ పక్కనే కూర్చున్నాడు. ఫిజీ 22-15తో గెలిచింది, 1954 తర్వాత మళ్ళీ అప్పుడే ఆస్ట్రేలియా మీద గెలవడం. అంకుల్ కళ్ళు తుడుచుకుంటూ మావాడి తల నిమిరి "సారీ బేటా" అన్నాడు. తర్వాతి సోమవారం పొద్దున 5కి లేచి చూస్తే వేల్స్ 40-6తో చితక్కొట్టింది, 1991లో, 1999లో కప్పు గెలిచిన దేశం మొదటిసారి గ్రూప్ దాటలేదు. ఆ ఏడాది జోన్స్ కింద 9 టెస్టులు (రగ్బీలో దేశాల మధ్య మ్యాచ్‌ని టెస్ట్ అంటారు) ఆడితే గెలిచింది 2. మైకేల్ హూపర్, క్వేడ్ కూపర్ లాంటి అనుభవం ఉన్నోళ్ళని ఇంట్లో వదిలేసి కుర్రాళ్ళని అంత పెద్ద టోర్నీలోకి తోసింది ఆయనే, దానికి వ్యవస్థని అంటే నేను ఒప్పుకోను.

అయితే వ్యవస్థ సంగతి నాకు రోజూ కళ్ళ ముందు కనపడుతుంది. మావాడు చదివేది ప్రభుత్వ స్కూల్, లంచ్‌లో పిల్లల చేతిలో బంతి ఉంటుంది గానీ ఆడేది రగ్బీ లీగ్ (జట్టుకి 13 మంది, వాలబీస్ ఆడే 15 మంది రగ్బీ యూనియన్ వేరే ఆట), ఎటు చూసినా మా వైపు లీగ్ టీమ్ పారమట్టా ఈల్స్ జెర్సీలే. యూనియన్ ఎక్కువగా పెద్ద ప్రైవేట్ స్కూళ్ళ ఆట. మాకు దగ్గర్లోనే కింగ్స్ స్కూల్ ఉంది, పెద్ద క్లాసులకి ఫీజు ఏడాదికి 40 వేల డాలర్లు దాటుతుంది, వాలబీస్ ఆటగాడు జోసెఫ్ సువాలీ అక్కడే యూనియన్ ఆడాడు, తర్వాత లీగ్ వాళ్ళు ఎత్తుకుపోతే మళ్ళీ బోలెడు డబ్బు పోసి వెనక్కి తెచ్చుకోవాల్సొచ్చింది. జోన్స్ చదివింది మాత్రం మాట్రావిల్ హై అనే ప్రభుత్వ స్కూల్లో, ముగ్గురు ఎల్లా అన్నదమ్ములతో కలిసి, ఆ అన్నదమ్ములు ముగ్గురూ వాలబీస్‌కి ఆడారు. ఇప్పుడు అలాంటి స్కూలు మా చుట్టుపక్కల నాకొక్కటీ కనపడట్లేదు, నాకు నిజంగా బాధేసేది ఇదే.

ఇక పైన చూస్తే రాష్ట్రాల రగ్బీ సంఘాలది ఎవరి కుంపటి వారిదే. 2017లో సూపర్ రగ్బీ అనే క్లబ్ టోర్నీ నుంచి పెర్త్ టీమ్ వెస్టర్న్ ఫోర్స్‌ని తీసేశారు (తర్వాత మళ్ళీ వచ్చింది), 2024లో అదే టోర్నీ ఆడే మెల్‌బోర్న్ రెబెల్స్ మూతపడింది. న్యూజిలాండ్‌తో పోటీపడే బ్లెడిస్లో కప్ 2002 తర్వాత మళ్ళీ గెలిచింది లేదు.

అలాగని ఆడేవాళ్ళు లేరా అంటే ఉన్నారు. 2025 ఆగస్టులో లయన్స్ (బ్రిటన్, ఐర్లాండ్ ఆటగాళ్ళ ఉమ్మడి జట్టు)తో మూడో టెస్టుకి సిడ్నీలోనే హోంబుష్ స్టేడియంకి వెళ్ళాం, ఒకటే వాన, సెకండ్ హాఫ్ మొదలైన కాసేపటికే పిడుగులని ఆట ఆపేసి అందర్నీ లోపలికి పంపారు, చాలాసేపు తడిసి వణుకుతూ కాంకోర్స్‌లో నిలబడ్డాం, ఒక్కరూ ఇంటికెళ్ళే మాట ఎత్తలేదు, చివరికి వాలబీస్ 22-12తో గెలిచారు. సిరీస్ 2-1తో పోయిందనుకోండి. రెండు వారాలకి జోహన్నెస్‌బర్గ్ ఎల్లిస్ పార్క్‌లో 22-0 వెనకబడి సౌతాఫ్రికాని 38-22తో కొట్టారు, అక్కడ గెలవడం 1963 తర్వాత మళ్ళీ అదే. కోచ్‌గా జో ష్మిట్ వచ్చాక టీమ్ నిలబడింది, కానీ కింద పునాది పోయకుండా ఎంత గొప్ప కోచ్ వచ్చినా ఎన్నాళ్ళు లాగుతాడు? 2027 వరల్డ్ కప్ ఇక్కడే, దాని డబ్బులో కొంతైనా మా వైపు స్కూళ్ళ గ్రౌండ్ల దాకా రావాలి.

మావాడికి ఇప్పుడు పదకొండేళ్ళు, స్కూల్లో యూనియన్ టీమ్ ఉందా అని అడిగితే లేదన్నారట. అందుకే శనివారాలు అంకుల్, నేను వాణ్ణి క్లబ్‌కి తీసుకెళ్తున్నాం. మొన్న మ్యాచ్‌కి మా వైపు పిల్లలు తొమ్మిది మందే వచ్చారు, అవతలి టీమ్ వాళ్ళు ఇద్దర్ని అప్పిస్తే వాళ్ళతో కలిసి ఆడారు.