సర్వీస్ ఎవరిదో తెలియనివాడికి స్మాష్ ఎందుకు?

ముప్పై అయిదు దాటాక ఆటలు మొదలుపెడుతున్నానన్నారు. పరుగు లాంటి ఒక్కరి ఆటా, షటిల్ లాంటి ఎదురెదురు ఆటా, వాలీబాల్ లాంటి జట్టు ఆటా, ఏది మంచిది, ముందు ఏ బేసిక్ స్కిల్స్ నేర్చుకోవాలి అని అడిగారు. నా మాట ముందే చెప్పేస్తాను. ఏ ఆటైనా ఫర్వాలేదు, ముందు రూల్స్ నేర్చుకోండి. స్కిల్స్ అవే వస్తాయి. కోచింగ్ ఇచ్చేవాళ్ళకు ఈ మాట నచ్చదని తెలుసు. నేను పద్నాలుగేళ్ళుగా షటిల్ ఆడుతున్నాను. అందులో మొదటి నాలుగేళ్ళు రూల్స్ తెలియకుండానే ఆడాను. కాబట్టి ఈ విషయంలో మాట్లాడే హక్కు నాకుందనే అనుకుంటున్నాను.

ఆ నాలుగేళ్ళూ ఎలా ముగిశాయో చెప్తాను.

మా ఆఫీసులో ఏటా డబుల్స్ పోటీ పెట్టేవాళ్ళు. ఎవరికి ఎవరు జోడీ అన్నది చీటీలు తీసి తేల్చేవాళ్ళు. ఆ ఏడు నాకు అకౌంట్స్ సారు వచ్చారు. యాభై దాటిన మనిషి. కాస్త పొట్ట, మోకాలికి పట్టీ, గ్రిప్ ఊడిపోతున్న పాత రాకెట్. నా మొహం చూసి పక్కవాళ్ళు నవ్వుకున్నారు. అప్పట్లో నేను స్మాష్ హీరోని. కాక్ గాల్లోకి లేస్తే చాలు, ఎక్కడున్నా సరే ఎగిరి కొట్టేవాణ్ణి. అది నెట్‌కు తగిలిందా, బయట పడిందా అన్నది తర్వాతి సంగతి. సౌండ్ బాగా వచ్చేది.

ఎలాగో ఫైనల్‌కి వచ్చాం. ఎలాగో అని ఎందుకంటున్నానంటే, సారు పెద్దగా ఏమీ చేసినట్టు నాకు కనపడలేదు. ఆయన సర్వీస్ వేస్తారు, అవతలివాళ్ళు లిఫ్ట్ చేస్తారు, అంటే కాక్‌ను పైకి లేపి పంపుతారు, నేను బాదుతాను. పాయింట్లన్నీ నావే అనుకునేవాణ్ణి. వాళ్ళు అన్నిసార్లు లిఫ్ట్ ఎందుకు చేస్తున్నారో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

మూడో గేమ్. వాళ్ళు 19, మేము 18. సర్వీస్ వాళ్ళది. సారు రిసీవ్ చేశారు, పెద్ద ర్యాలీ నడిచింది, వాళ్ళు నెట్‌కి కొట్టారు. 19-19. సర్వీస్ మాకొచ్చింది. నేను కాక్ తీసుకుని ఎడమ కోర్టులోకి నడిచాను.

“అబ్బాయ్, సర్వీస్ నాది,” అన్నారు సారు.

“టెన్షన్ టైమ్ సార్, నేను వేస్తాను.”

“టైమ్‌తో పనేంటయ్యా. పోయిన సర్వీస్ తీసుకుంది ఎవరు? నేను. వాళ్ళ స్కోరు 19, బేసి కాబట్టి వాళ్ళు ఎడమవైపు నుంచి వేశారు. అది ఐమూలగా మన ఎడమ కోర్టుకే వస్తుంది. అంటే ఎడమలో ఉన్నది నేను. ఇప్పుడు మన స్కోరూ 19, బేసే. కాబట్టి నేనే వెయ్యాలి.”

నిజం చెప్పాలంటే ఆ లెక్క నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అంపైర్‌గా కూర్చున్నది ఆ నెలలోనే ఉద్యోగంలో చేరిన కుర్రాడు. వాడు ఫోన్‌లో స్కోరు రాసుకుంటున్నాడు తప్ప ఎవరు ఎక్కడున్నారో చూడటం లేదు. నేను ఇంకేం వినకుండా సర్వీస్ వేసేశాను. వాళ్ళు పైకి లేపారు, నేను బాదాను, కాక్ వాళ్ళిద్దరి మధ్య నుంచి దూసుకుపోయింది. 20-19. చుట్టూ కేకలు.

అప్పుడు మొదలైంది పేచీ. అవతలి ఇద్దరిలో పొడుగాయనకు ఏదో అనుమానం వచ్చింది. “ఆగండాగండి, ఆ సర్వీస్ వెయ్యాల్సింది మీరు కాదు,” అన్నాడు. ఆయన జోడీ ఇంకో అడుగు ముందుకేసి, “తొండి! ఆ పాయింట్ తీసెయ్యాలి, మాకివ్వాలి,” అన్నాడు. గ్యాలరీలోంచి ఇంకొకరు లెట్ ఇచ్చి, అంటే ఆ పాయింట్ లెక్కలోకి తీసుకోకుండా, మళ్ళీ ఆడించమన్నారు. కుర్రాడికి చెమటలు పట్టాయి. నేనైతే గొంతు పెంచి అరుస్తున్నాను, ఏమరుస్తున్నానో నాకే తెలియకుండా.

సారు మాత్రం నెట్ దగ్గరకు నిదానంగా వెళ్ళి, “తప్పు మాదే,” అన్నారు. నా ప్రాణం పోయింది. ఆయన ఆగకుండా, “మావాడు తన వంతు కానిది వేశాడు. రూల్ ప్రకారం తప్పు సరిదిద్దాలి. అయిన స్కోరు అలాగే ఉంటుంది. లెట్ ఇచ్చేది పాత పద్ధతిలో. పాయింట్ మాదే, సర్వీస్ మాత్రం ఇప్పుడు నేను కుడివైపు నుంచి వేస్తాను,” అన్నారు. ఆ కుర్రాడు ఫోన్‌లో రూల్ వెతికాడు. అక్షరాలా అదే ఉంది.

20-19. సారు కుడి కోర్టులో నిలబడ్డారు. అవతల పొడుగాయన రిసీవర్. సారు ఊపిరి తీసుకున్నది కూడా నాకు వినిపించింది. రాకెట్‌ను ఊపలేదు, కాక్‌ను ఊరికే ముందుకు తోశారు. అది నెట్ టేపు మీదుగా వేలెడంత ఎత్తులో దాటింది. పొడుగాయన ముందుకు వంగి, ఆఖరి క్షణంలో రాకెట్ వెనక్కి లాక్కుని, “షార్ట్!” అని అరిచాడు. కాక్ షార్ట్ సర్వీస్ లైన్ దగ్గర, అంటే సర్వీస్ కనీసం చేరాల్సిన ముందు గీత దగ్గర, పడి ముందుకు దొర్లింది.

“కార్క్ ముందు ఎక్కడ తగిలిందో చెప్పండి. ఈకలు ఎటు దొర్లాయో కాదు,” అన్నారు సారు. లైన్‌కి తగిలితే లోపల పడినట్టే కదా. పొడుగాయన కాసేపు ఆ తెల్ల గీత వంకే చూసి, “లైన్ మీదే పడింది,” అని తనే ఒప్పుకున్నాడు. ఆయన్ని మెచ్చుకోవాలి, నేనైతే ఆ రోజుల్లో ఒప్పుకునేవాణ్ణి కాదు. 21-19.

కప్పు నా చేతికే ఇచ్చి ఫోటోలు తీశారు. ఆ ఫోటో చూస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తర్వాత నీళ్ళు తాగుతూ అడిగాను, అంత టెన్షన్‌లో అదంతా ఎలా గుర్తుంటుంది సార్ అని. “గుర్తుపెట్టుకోడానికి ఏముందయ్యా,” అన్నారు. “మన స్కోరు సరి సంఖ్యయితే కుడి నుంచి, బేసి అయితే ఎడమ నుంచి. సర్వీస్ మన చేతిలో ఉండగా పాయింట్ వస్తే మనిద్దరం చోటు మారాలి. లేకపోతే ఎవరున్నచోట వాళ్ళుండాలి. అంతే.” నాలుగేళ్ళలో ఈ నాలుగు ముక్కలు నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

రూల్ తెలిస్తే గొడవలు గెలవొచ్చని చెప్పడానికి ఇదంతా రాయలేదు. స్కిల్ పుట్టేదే రూల్ లోంచి. సర్వీస్ సంగతే తీసుకోండి. కొట్టే క్షణంలో కాక్ మొత్తం నేల నుంచి 1.15 మీటర్ల కిందే ఉండాలి. 2018 నుంచి వచ్చిన లెక్క ఇది, అంతకుముందు నడుము కింద అనేవాళ్ళు. నెట్ ఎత్తు మధ్యలో 1.524 మీటర్లు. అంటే కాక్ పైకే వెళ్ళక తప్పదు. జానెడు ఎక్కువ లేచిందా, అవతలివాడు నెట్ దగ్గరే చంపేస్తాడు. పోనీ ఎత్తుగా వెనక్కి పంపుదామంటే, డబుల్స్‌లో సర్వీస్ గీత వెనక గీత కన్నా 76 సెంటీమీటర్లు లోపలికి ఉంటుంది, అది దాటితే అవుటే. ఇక మిగిలింది టేపుకు ఆనుకుని పోయే చిన్న సర్వీస్. అది సరిగ్గా పడితే అవతలివాడు లిఫ్ట్ చెయ్యక తప్పదు. నా స్మాష్‌లన్నీ ఎక్కడినుంచి వచ్చాయో ఇప్పుడు అర్థమైందా? ఇది తెలియకుండా సర్వీస్ ప్రాక్టీస్ చెయ్యమంటే ఎవరికైనా బోరే కొడుతుంది.

టేబుల్ టెన్నిస్‌లోనూ అంతే. డబుల్స్‌లో జోడీ ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు కొట్టాలి. వరసగా రెండుసార్లు ఒకరే కొట్టకూడదు. దాంతో అక్కడ కొట్టడం కన్నా కొట్టి పక్కకు తప్పుకోవడం పెద్ద విద్య. అది నేర్పకుండా కొత్తవాళ్ళతో గంటల తరబడి స్పిన్ వేయిస్తారు. ఆ స్పిన్ కూడా గుప్పిట్లో బంతి దాచుకుని వేసేదే. అరచెయ్యి చాపి, బంతిని కనీసం 16 సెంటీమీటర్లు పైకి ఎగరేసి కొట్టాలని చెప్తే, “మనమేమన్నా ఒలింపిక్స్ ఆడుతున్నామా బ్రో” అంటారు. ఈ మాట అన్నవాడితో నేను రెండోసారి ఆడను.

ఇక వాలీబాల్. సరదాగా ఆడే జట్లలో నేను చూసిన సగం మందికి పైగా రొటేషన్ చెయ్యరు. పొడుగువాడు నెట్ దగ్గర, పొట్టివాడు వెనక మూల, ఏళ్ళ తరబడి అదే. ప్రత్యర్థి దగ్గర్నుంచి సర్వీస్ గెలుచుకున్న ప్రతిసారీ ఆరుగురూ గడియారం ముల్లు తిరిగే దిక్కులో ఒక్కో చోటు జరగాలన్న రూల్ ఎందుకు పెట్టారు? అందరూ అన్నీ నేర్చుకోవాలని. అది ఎత్తేస్తే ఏమవుతుందంటే, పదేళ్ళు ఆడిన పొడుగువాడికి కూడా ముంజేతులు కలిపి సర్వీస్ ఎత్తడం రాదు. బంతి వస్తే వేళ్ళతో తడుముతాడు, వేలు బెణుకుతుంది, వారం రోజులు కట్టుతో తిరుగుతాడు. ఒక జట్టుకు మూడు టచ్‌లే ఉంటాయి. మొదటిది సరిగ్గా లేవకపోతే మిగతా రెండూ దండగే.

ఒక్కరి ఆటలో రూల్స్ ఏముంటాయిలే, పరుగెత్తడమే కదా అనుకుంటారు. ఉసేన్ బోల్ట్ అంతటివాడు 2011లో డేగు ప్రపంచ చాంపియన్‌షిప్ 100 మీటర్ల ఫైనల్‌లో తుపాకీ పేలకముందే కదిలాడు. అంతకు ముందు ఏడాదే రూల్ కఠినం చేశారు, మొదటి తప్పుకే ఇంటికి. పరుగెత్తకుండానే బయటికి నడిచాడు. అదే రిలే అయితే ఇంకా ఘోరం. అమెరికా పురుషుల జట్టు 4×100లో 2016 రియోలోనూ, 2024 పారిస్‌లోనూ బ్యాటన్ చేతులు మారాల్సిన జోన్ దగ్గరే తప్పు చేసి అనర్హతకు గురైంది. కాళ్ళలో వేగం లేకనా?

రాకెట్ల గురించి ఒక్క మాట చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోతుంది. మొదటి రోజే ఖరీదైన రాకెట్, దాని తీగల బిగువు ఎంత, తీగ ఏది అని అరగంట చర్చ. తీరా చూస్తే సింగిల్స్ గీత ఏదో, డబుల్స్ గీత ఏదో తెలియదు. కోర్టు వెడల్పు సింగిల్స్‌కి 5.18 మీటర్లు, డబుల్స్‌కి 6.10. ఆ రెండు గీతల మధ్య ఖాళీలో పడిన కాక్ గురించి నేను విన్న తగాదాలు ఇంకే విషయం మీదా వినలేదు. డబ్బు పెట్టాలనుంటే బూట్ల మీద పెట్టండి. పరుగుకు వాడే మందం అడుగు బూట్లతో షటిల్ ఆడితే పక్కకు కదిలినప్పుడు చీలమండ మడతపడుతుంది. నాది రెండుసార్లు పడింది.

మీరు అడిగింది ఇది కాదని తెలుసు. సరే, సూటిగా చెప్తాను. షటిల్ డబుల్స్‌తో మొదలుపెట్టండి. పక్కన ఒక మనిషి ఉంటాడు కాబట్టి తోడు దొరుకుతుంది, ఆరుగురిని పోగుచేసే బాధ ఉండదు. మొదటి నెల స్మాష్ జోలికి పోవద్దు. రోజూ ఆటకు ముందు పది నిమిషాలు ఒళ్ళు వేడెక్కించి, ఆ తర్వాత ముప్పై చిన్న సర్వీస్‌లు, ముప్పై లిఫ్ట్‌లు, అంతే. ఈ వయసులో చల్లటి ఒంటితో ఎగిరితే మడమ వెనక నరం పట్టేస్తుంది. మధ్యలోకి వచ్చిన కాక్‌కి “నాది” అని అరవడం అలవాటు చేసుకోండి. ఇద్దరూ మర్యాదకు పోయి వదిలేసిన కాక్‌లే కొత్తవాళ్ళు పోగొట్టుకునే పాయింట్లలో ఎక్కువ. ఇద్దరూ కొట్టబోయి రాకెట్లు విరగ్గొట్టుకునేవాళ్ళు కూడా ఉన్నారనుకోండి.

అకౌంట్స్ సారు రిటైరయ్యారు. మోకాలు సహకరించక ఆడటం మానేశారు గానీ ఆదివారాలు వచ్చి అంపైర్ కుర్చీలో కూర్చుంటారు. సర్వీస్ చేసేవాళ్ళ స్కోరు ముందు, అవతలివాళ్ళది తర్వాత, ప్రతి పాయింటుకూ హాలంతా వినపడేలా చెప్తారు. పోయిన వారం 14-11 దగ్గర నేను తప్పు కోర్టులో నిలబడితే ఏమీ అనలేదు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. నేను జరిగాకే మళ్ళీ పెట్టుకున్నారు.