ఫోర్స్ కొట్టాక సుడో పోయింది, ఇక ఫార్మాటేనా?

డెబియన్ 10 (లినక్స్‌లో ఒక రకం)లో ఏదో సాఫ్ట్‌వేర్ నడవాలని డెబియన్ 11 నాటి లిబ్‌సీ6 ప్యాకేజీని (దాదాపు ప్రతి ప్రోగ్రాముకీ కావాల్సిన మూల లైబ్రరీ) ఫోర్స్-ఆల్ (హెచ్చరికల్ని పట్టించుకోని ఆప్షన్) పెట్టి ఎక్కించానన్నారు. ఇప్పుడు సుడో (అడ్మిన్ హక్కుతో కమాండ్ నడిపేది) కొట్టినా, పెర్ల్ కొట్టినా లిబ్‌క్రిప్ట్.ఎస్ఓ.1 అనే లైబ్రరీ ఫైలు లేదంటోంది, ఫార్మాట్ చేయాలా అని అడిగారు. అక్కర్లేదు. రూట్ (అడ్మిన్) టెర్మినల్ ఒక్కటి తెరిచి ఉన్నా దాన్ని మూయకండి. రీబూట్ అసలే వద్దు.

ఆ రీబూట్ నేను చేశాను. అమీర్‌పేట హాస్టల్లో, రాత్రి పదకొండున్నరకి. ఆఫ్ చేసి ఆన్ చేస్తే సర్దుకుంటుందిలే అనుకున్నా. నల్ల స్క్రీన్ మీద మళ్లీ అదే లిబ్‌క్రిప్ట్ లైను, దాని కింద కెర్నల్ ప్యానిక్, అంటే సిస్టమ్ లేవకుండా అక్కడే ఆగిపోయింది. బూట్‌లో మిగతావన్నీ మొదలుపెట్టే సిస్టమ్‌డీకి కూడా ఆ ఫైలు కావాలని అప్పుడు తెలిసింది. రూమ్మేట్ దుప్పటి తీయకుండానే "ఫార్మాట్ కొట్టెయ్ అన్నా, ముందు లైటార్పు" అన్నాడు.

విషయం ఏంటంటే, డెబియన్ 10 దాకా ఆ ఫైలు లిబ్‌సీ6లోనే వచ్చేది. 11లో లిబ్‌క్రిప్ట్1 అని వేరే ప్యాకేజీ చేశారు. ప్యాకేజీలు తెచ్చిపెట్టే ఆప్ట్‌కి వదిలేస్తే రెండూ తెచ్చేది. మనం ఫోర్స్ పెట్టేసరికి పాతది పోయింది, కొత్తది రాలేదు.

టెర్మినల్ ఉంటే పని తేలికే. డెబియన్ 11 లిబ్‌క్రిప్ట్1 డెబ్ ఫైలు తెచ్చి, డీపీకేజీ-డెబ్ కమాండ్‌తో టెంప్‌లో ఒక ఫోల్డర్‌లోకి విప్పండి (నేరుగా రూట్ మీద విప్పొద్దు). అందులో లిబ్‌క్రిప్ట్ పేరుతో రెండు ఉంటాయి: అసలు ఫైలు, దానికి లింకు. రెండింటినీ సీపీ మైనస్ ఏతో లిబ్ కింద ఎక్స్86_64-లినక్స్-గ్నూ ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. సుడో అక్కడికక్కడే లేస్తుంది. నాకు టెర్మినల్ లేదు కాబట్టి మర్నాడు క్లాసు ఎగ్గొట్టి, సికింద్రాబాద్ సీటీసీలో పెన్‌డ్రైవ్ కొని, లైవ్ యూఎస్‌బీ (పెన్‌డ్రైవ్ మీంచే నడిచే లినక్స్) నుంచి డిస్కుని మౌంట్ చేసి ఇదే కాపీ చేశా.

ఇక వెనక్కి పోవాలని చూడకండి. గ్లిబ్‌సీని (లిబ్‌సీ6లో ఉండేది అదే) పాత వెర్షన్‌కి మార్చడం ఇంకో తలనొప్పి, పైగా 10కి సపోర్ట్ 2024 జూన్‌లోనే ముగిసింది. హోమ్ ఫోల్డర్ బ్యాకప్ తీసుకుని, సోర్సెస్ లిస్టులో (ప్యాకేజీలు ఎక్కడ్నుంచి తేవాలో చెప్పే ఫైలు) బస్టర్ (10 పేరు) తీసి బుల్స్‌ఐ (11 పేరు) పెట్టండి. సెక్యూరిటీ లైన్లో మాత్రం బుల్స్‌ఐ-సెక్యూరిటీ అని రాయాలి, అక్కడ చాలామంది తప్పుతారు. తర్వాత వరసగా ఆప్ట్ అప్‌డేట్, ఫిక్స్-బ్రోకెన్ (తెగిన ప్యాకేజీల్ని సర్దేది), ఆపైన ఫుల్-అప్‌గ్రేడ్ కొట్టండి.

ఫిక్స్-బ్రోకెన్ అప్పుడు తీసేయబోయే ప్యాకేజీల జాబితా చూపిస్తుంది, చదివి వై కొట్టండి. నేను చదవలేదు. గ్నోమ్ డెస్క్‌టాప్ మొత్తం పోయింది, హాస్టల్ వైఫైలో దాన్ని మళ్లీ దించుకునేసరికి తెల్లారింది.