పట్టా ఉన్నవారి సంఘమా, అందరి సంఘమా?

ప్రశ్న: అమెరికాలో స్త్రీల, బాలికల చదువు కోసం, సమానత్వం కోసం పనిచేసే ‘అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ యూనివర్సిటీ విమెన్’ అనే సంఘంలో చేరాలంటే కాలేజీ పట్టా ఉండాలనే నియమం చాలా కాలం నడిచిందని చదివాను. పట్టా ఉన్నవారికే తలుపు తీసే సంఘం స్త్రీలందరి సమానత్వం గురించి మాట్లాడటం సబబేనా?

జవాబు: మీ సందేహం న్యాయమైనదే. ఆ సంఘం లోపలే ఈ మాట మీద పెద్ద తగవు జరిగింది. దాని సంగతి చెప్పేముందు, ఆ నియమం ఎలాంటి రోజుల్లో పుట్టిందో కాస్త చూడాలి.

1881 నవంబర్ 28న బోస్టన్‌లో ఎనిమిది కాలేజీలకు చెందిన 17 మంది పట్టభద్రులైన స్త్రీలు సమావేశమయ్యారు. వారిని కూడగట్టినవారిలో మేరియన్ టాల్బట్, ఎలెన్ స్వాలో రిచర్డ్స్ ముఖ్యులు. రిచర్డ్స్ మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చేరిన మొదటి స్త్రీ. ఆమె దగ్గర ఫీజు తీసుకోలేదు. తన పేదరికం చూసి మాఫీ చేశారని ఆమె అనుకున్నారు కానీ, ఎవరైనా అభ్యంతరం చెబితే ‘ఆమె మా విద్యార్థిని కాదు’ అని తప్పించుకోవడానికే అలా చేశారని తరవాత తెలిసింది. పట్టా తెచ్చుకున్న స్త్రీలను పై చదువులూ ఉద్యోగాలూ దగ్గరకు రానివ్వని ఆ రోజుల్లో, అదే అవస్థ పడుతున్నవారు ఒకరినొకరు వెదుక్కుంటూ ఏర్పరచుకున్న సంఘం ఇది. 1921లో దక్షిణ రాష్ట్రాల కాలేజీ స్త్రీల సంఘంతో కలిసి నేటి పేరు పెట్టుకుంది.

వారు మొదట తలకెత్తుకున్న పని నాకు చాలా ఇష్టం. ఎడ్వర్డ్ క్లార్క్ అనే బోస్టన్ వైద్యుడు 1873లో ఒక పుస్తకం రాసి, అబ్బాయిలతో సమానంగా కాలేజీ చదువులు చదివితే ఆడపిల్లల గర్భాశయ ఆరోగ్యం పాడవుతుందని తేల్చేశాడు; చెప్పింది డాక్టరు కాబట్టి తల్లిదండ్రులు హడలిపోయారు. సంఘం వాదులాటకు దిగకుండా 1,290 మంది పట్టభద్రులకు ప్రశ్నావళి పంపి, 705 మంది ఇచ్చిన జవాబులను లెక్కగట్టించి, 1885లో నివేదికగా వెలువరించింది. చదువుకున్నవారిలో అత్యధికులు ఆరోగ్యంగానే ఉన్నారని అందులో తేలింది. డాక్టరుగారు చేతిలో ఉన్న కొద్దిమంది రోగులను చూసి చెప్పిన మాటకు ఏడు వందల మంది స్త్రీలు తమ ఒంటి సంగతి తామే చెప్పి జవాబిచ్చారన్నమాట. పట్టా నియమం లేకపోతే ఆ ప్రశ్నావళి ఎవరికి పంపాలో కూడా తెలిసేది కాదు.

ఇక మీరు పట్టుకున్న లోపం. ఏ పట్టా అయినా చెల్లేది కాదు; సంఘం ఆమోదించిన కాలేజీల జాబితాలోనిదై ఉండాలి. ఆ జాబితాలో చోటు కోసం కాలేజీలు తమ విద్యార్థినులకు వసతులు మెరుగుపరచుకున్న మాట నిజమే, జాబితాకెక్కని కాలేజీల అమ్మాయిలు బయట మిగిలిపోయిన మాటా నిజమే. ఆ అర్హతలన్నీ ఉన్నా తలుపు తీయని శాఖలూ ఉండేవి. ఓబర్లిన్ కాలేజీలో 1884లో పట్టా పొందిన నల్లజాతి నాయకురాలు మేరీ చర్చ్ టెరెల్ పూర్వం ఆ సంఘం సభ్యురాలే. ఎనభై దాటిన వయసులో, 1946లో ఆమె సభ్యత్వం పునరుద్ధరించమని అడిగితే వాషింగ్టన్ శాఖ నిరాకరించింది. చేర్చుకోవాలని జాతీయ కార్యవర్గం పట్టుబడితే శాఖ కోర్టుకెక్కి గెలిచింది, ఎందుకంటే జాతి వివక్ష కూడదని నిబంధనావళిలో ఎక్కడా రాసి లేదు. దాంతో 1949 మహాసభలో సభ్యులు ఆ నిబంధనావళినే మార్చి, పట్టా తప్ప మరో అర్హత అడగరాదని తీర్మానించారు. టెరెల్ లోపలికి వచ్చారు. వాషింగ్టన్ శాఖలో చాలామంది బయటికి వెళ్లిపోయి వేరే క్లబ్బు పెట్టుకున్నారు.

కాబట్టి సబబేనా అన్న మీ ప్రశ్నకు నా జవాబు ఇది: 1881లో పట్టా నియమం వెలివేతకు గురైనవారు కట్టుకున్న గూడు, 1946 నాటికి అదే గూడు వాషింగ్టన్‌లో ఇంకొకరిని వెలివేసింది. మహాసభ సరిదిద్దింది ఆ రెండో తప్పును మాత్రమే. పట్టా లేని స్త్రీ అప్పటికీ గడప అవతలే ఉండిపోయింది. అయితే సమాన వేతన చట్టం 1963లో వచ్చినప్పుడు దానికోసం పోరాడినవారిలో ఈ సంఘమూ ఉంది. ఆ చట్టం ఏ కార్మికురాలినీ పట్టా చూపించమనలేదు.

ప్రశ్న: ఈ సంఘం ఇతర దేశాల స్త్రీలకు కూడా ఫెలోషిప్‌లు ఇస్తుందా?

జవాబు: ఇస్తుంది. అమెరికా పౌరసత్వం గానీ శాశ్వత నివాస హక్కు గానీ లేని స్త్రీలు అక్కడ పూర్తికాలం పై చదువులు చదవడానికి ప్రత్యేకంగా అంతర్జాతీయ ఫెలోషిప్‌లు ఉన్నాయి. అవి మొదలై వందేళ్లు దాటింది. డిగ్రీ పూర్తిచేసి ఉండటం, చదువు ముగిశాక స్వదేశానికి తిరిగివచ్చి పనిచేయాలనే ఉద్దేశం ఉండటం వాటిలో ముఖ్యమైన షరతులుగా ఉంటూ వచ్చాయి. దరఖాస్తు చేసేముందు ఆ ఏడాది ప్రకటనను మొదటినుంచి చివరిదాకా స్వయంగా చదువుకోండి, మధ్యవర్తులు చెప్పిన గడువును నమ్ముకోకండి.