సెలూన్‌కి రమ్మంటే క్షవరానికనుకున్నారు

ప్రశ్న: జులై ఆఖర్లో అమెరికాలో, ఒమాహాలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. అధ్యక్షుల ముఖాలు చెక్కిన మౌంట్ రష్మోర్ కొండ చూపిస్తానని నాలుగు రోజుల కారు ప్రయాణం వేశాడు. మధ్యలో సౌత్ డకోటాలో డెడ్‌వుడ్ అనే ఊళ్లో పాతకాలం సెలూన్ ఒకటి చూడాలంటాడు. మావారేమో ‘తాగుబోతుల కొంపకి చిన్నపిల్లాణ్ని వెంటబెట్టుకుని మనమెందుకు’ అంటున్నారు. మనవడికి తొమ్మిదేళ్లు. మేం శాకాహారులం, మందు ముట్టం. అక్కడ చూడ్డానికేముంది? అది నిజంగా పాతదేనా?
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: మీవారు నయమండీ, ముందే పేచీ పెట్టారు. మావారు కిక్కురుమనకుండా కారెక్కారు. ఎందుకో అక్కడికి వెళ్లాక గానీ నాకు తెలియలేదు. డెన్వర్‌లో మా అమ్మాయి దగ్గరికొచ్చి నెల దాటింది, జుట్టు చెవుల మీద పడుతోంది. తెనాలిలో సెలూనంటే ఒకటే అర్థం కదా. తీరా లోపలికెళ్తే అద్దాలూ కుర్చీలకి బదులు సీసాల వరసలు, నేలంతా రంపపు పొట్టు! ‘ఇంత పొట్టు పోశారు, జుట్టు ఊడవడానికి బద్ధకమా’ అని ఆయన గంభీరంగా అడిగితే మా అల్లుడు నవ్వాపుకోలేక బయటికెళ్లిపోయాడు. తుపుక్కున ఉమ్మే పొగాకూ ఒలికిన మందూ పీల్చుకోడానికి ఆ రోజుల్లో అలా పోసేవారు.

అసలు సంగతికొస్తాను. 1876 ఆగస్టు 2న డెడ్‌వుడ్‌లో ‘నటాల్ అండ్ మాన్’ వాళ్ల సెలూన్లో జేమ్స్ బట్లర్ హికాక్ పేకాటలో కూర్చున్నాడు. జనం పిలిచే పేరు వైల్డ్ బిల్. ఒకప్పుడు కాన్సాస్‌లో అబిలీన్ ఊరికి పోలీసు అధికారి, తుపాకీకి పెట్టింది పేరు. ఎప్పుడూ గోడకి వీపు ఆనించి కూర్చునే మనిషి. ఆ రోజు ఆ కుర్చీలో ఇంకొకడున్నాడు, లేవమంటే లేవలేదు. జాక్ మెకాల్ అనేవాడు వెనకనుంచి వచ్చి తలలో కాల్చాడు. హికాక్‌కి ముప్ఫై తొమ్మిదేళ్లు, ఆ ఊరొచ్చి మూడు వారాలు. చేతిలో ఇస్పేటు, కళావరు ఆసులు, అవే రంగుల ఎనిమిదులు ఉన్నాయని చెప్తారు. ఐదో ముక్క దగ్గర ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. పేకాటలో ఆ జతని ఇప్పటికీ ‘చచ్చినోడి చెయ్యి’ అంటారు.

ఇక మీరడిగినది. ఇప్పుడు ‘సెలూన్ నంబర్ టెన్’ బోర్డున్నది ఆ పాత సెలూన్ కాదు. 1879 సెప్టెంబరులో ఒక బేకరీలో రేగిన మంట ఊళ్లో మూడొందలకి పైగా కట్టడాల్ని మింగింది, అదీ అందులోనే పోయింది. అసలు చోటు అదే మెయిన్ స్ట్రీట్‌లో రోడ్డుకి అవతలి పక్క ఉంది, అక్కడొక బోర్డు పెట్టారు. ఇప్పటి సెలూన్లో గుమ్మం పైన గాజు పెట్టెలో ‘హికాక్ చనిపోయిన కుర్చీ’ అని ఒకటుంటుంది. ఊరంతా బూడిదైతే కుర్చీ ఎలా మిగిలిందో నన్నడక్కండి. వాళ్లు మాత్రం ‘ప్రపంచంలో బార్ ఉన్న ఏకైక మ్యూజియం మాదే’ అని ప్రచారం చేసుకుంటారు. గోడల నిండా పాత ఫొటోలు, తుపాకులు, జంతువుల తలలు. అరగంట చాలు.

నన్ను పట్టుకున్నది మాత్రం ఆ హత్య తర్వాతి కథ. మర్నాడే గని కూలీలు ఒక కోర్టు పెట్టేశారు. ‘మా తమ్ముణ్ని చంపాడు, అందుకే కాల్చాను’ అని మెకాల్ చెప్తే విడిచిపెట్టారు. వాడు వ్యోమింగ్ వెళ్లి గొప్పలు చెప్పుకుని మళ్లీ పట్టుబడ్డాడు. ఒకే నేరానికి రెండుసార్లు విచారణ అమెరికాలో కుదరదు కదా? ఇక్కడ కుదిరింది. ఎందుకంటే డెడ్‌వుడ్ అనే ఊరే చట్టప్రకారం లేదు! 1868 ఫోర్ట్ లారమీ ఒడంబడిక ప్రకారం ఆ బ్లాక్ హిల్స్ కొండలు లకోటా అనే ఆదివాసీ జాతివాళ్లవి. 1874లో కస్టర్ అనే అమెరికా సైనికాధికారి దండుతో వెళ్లినవాళ్లు బంగారం చూశామన్నారు, జనం ఎగబడి లకోటాల నేలమీద ఊరు కట్టేశారు. ఊరే అక్రమమైనప్పుడు దాని కోర్టు తీర్పెక్కడిది? అప్పటి డకోటా ప్రాంత రాజధాని యాంక్టన్‌లో మెకాల్‌ని మళ్లీ విచారించి 1877 మార్చి 1న ఉరి తీశారు. దానికి సరిగ్గా ముందురోజు, ఫిబ్రవరి 28న, ఆ కొండల్ని లాక్కునే చట్టం పూర్తయింది. 1980లో సుప్రీం కోర్టు అది అన్యాయమేనని పదికోట్ల డాలర్లకి పైగా పరిహారం ఇమ్మంది. లకోటాలు ఆ డబ్బు ముట్టలేదు, మా కొండలు మాకివ్వండి అంటున్నారు. మీరు చూడబోయే మౌంట్ రష్మోర్ ముఖాలు చెక్కింది కూడా ఆ కొండల్లోనే. మీ మనవడికి ఈ సంగతి కారులోనే చెప్పండి, సెలూన్ అప్పుడు ఇంకోలా కనిపిస్తుంది.

పిల్లాడి విషయం: మేం వెళ్లింది మధ్యాహ్నం. హికాక్‌ని కాల్చే ఘట్టం నటిస్తుంటే పిల్లలు ముందు వరసలోనే కూర్చున్నారు. సాయంత్రాలు వేరు, స్లాట్ మెషీన్ల దగ్గరికి ఇరవయ్యొకటి నిండనివాళ్లని రానివ్వరు. వేళ చూసుకుని గుమ్మం దగ్గరే అడగండి. వేసవిలో వీధిలోనూ ఉత్తుత్తి తుపాకీ పోట్లాటలుంటాయి, చప్పుడు పెద్దది, మీవారికి ముందే చెప్పి ఉంచండి.

తినడానికి: మెనూలో ‘చిలీ’ కనిపిస్తే మిరపకాయ కూర అనుకోకండి, గొడ్డుమాంసం ఉడికించిన పులుసది. అడవిదున్న మాంసం కూడా అక్కడ మామూలే. చీజ్ పిజ్జా, వేయించిన బంగాళాదుంపలతో సరిపెట్టుకోవాలి. అందుకే నేను పులిహోర కట్టుకెళ్లాను. తాగడానికి ‘రూట్ బీర్’ తీసుకోండి, పేరులోనే బీరు, అసలది తియ్యటి సోడా. మావారు ఆ పేరు విని పది నిమిషాలు గ్లాసు ముట్టలేదు.

మోకాళ్లు బాగుంటే మౌంట్ మొరయా శ్మశానం కూడా చూడండి, నిట్టనిలువు ఎక్కుడు. హికాక్ సమాధి, పక్కనే ఆ రోజుల్లో పేరుమోసిన సాహసి కలామిటీ జేన్‌ది ఉంటాయి. ఆవిడ 1903లో పోయింది. నాకు సెలూన్ కంటే ఆ కొండే నచ్చింది.

తేదీ మాత్రం జాగ్రత్త. ఆగస్టు మొదటి శుక్రవారం పక్కనే స్టర్జిస్‌లో మోటార్ సైకిళ్ల జాతర మొదలవుతుంది, లక్షల మంది దిగుతారు. మీది జులై ఆఖరంటున్నారు, నాలుగు రోజులు అటైతే గది దొరకదు, దొరికినా ధర వింటే కళ్లు తిరుగుతాయి. అబ్బాయితో ఇప్పుడే బుక్ చేయించండి.

ఇంకో గంట మిగిలితే మూడు మైళ్లలో లీడ్ ఊరుంది. ఫిజిక్స్ పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని, ఇది రాయకుండా ఉండలేను. అక్కడి హోమ్‌స్టేక్ బంగారు గనిలో సుమారు కిలోమీటరున్నర లోతున, బట్టలు ఉతికే డ్రై క్లీనింగ్ ద్రవాన్ని పెద్ద ట్యాంకులో పోసి, సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినోల్ని, అంటే దేన్నైనా దాదాపు తాకకుండా దూసుకుపోయే అతిసూక్ష్మ కణాల్ని, పట్టాడు రేమండ్ డేవిస్ అనే శాస్త్రవేత్త. 2002లో నోబెల్ వచ్చింది, గని మూతపడ్డదీ ఆ ఏడే. తవ్విన మహాగొయ్యిని పైనుంచి చూడొచ్చు.

మావారి జుట్టు సంగతి అడుగుతారేమో. డెన్వర్ తిరిగొచ్చాక మా అమ్మాయి ఇంటి వెనక వరండాలో కత్తెర పట్టింది. ఆయన మెడ మీద తువ్వాలు కప్పుకుని, ‘ఇదిగో, ఇదీ సెలూనంటే’ అన్నారు.