నమ్మనివాడు ప్రసంగి చదవాలంటే

ఒరేయ్ అబ్బాయ్,

నీ మెసేజ్ రాత్రి పదకొండింటికి చూశాను. దేవుడి మీద నమ్మకం లేదు, అయినా ఈమధ్య గీత, బైబిలు చదవాలనిపిస్తోంది, ఇదేమన్నా వేషమా బాబాయ్ అని అడిగావు. వేషమేంట్రా! నలభై ఏళ్లుగా నేను చేస్తున్న పని అదే. ఇప్పటికీ గుడికెళ్తే మీ పిన్నిని లోపలికి పంపి నేను చెప్పుల దగ్గర కూర్చునే రకాన్నే.

మొదటి పేజీ నుంచి మాత్రం మొదలుపెట్టకు. బైబిలు అలా పట్టుకుని లేవీయకాండంలో బలుల లెక్కల దగ్గర నేను రెండుసార్లు చతికిలపడ్డాను. నువ్వు ముందు ప్రసంగి తెరువు, బైబిల్లోనే ఉన్న ఒక చిన్న పుస్తకం. పన్నెండే అధ్యాయాలు, గంటలో అయిపోతుంది. "వ్యర్థము వ్యర్థము సమస్తము వ్యర్థమే" అని మొదట్లోనే అంటాడు, అంటే నువ్వు అర్ధరాత్రి ఫోన్ చేసి నాకు చెప్పే ముక్కే, రెండువేల ఏళ్లకు ముందే ఎవరో చెప్పేశాడు. సొలొమోను రాజు రాశాడని సంప్రదాయం. అందులో పారశీకం నుంచి వచ్చిన మాటలున్నాయి కాబట్టి ఆయన తర్వాత కొన్ని వందల ఏళ్లకు రాసిందని చాలామంది పండితుల లెక్క.

వ్యర్థం అన్నచోట హీబ్రూలో ఉన్న మాట హెవెల్. ఊపిరి, ఆవిరి అని దాని అసలు అర్థం. కయీను చేతిలో చచ్చిపోయిన తమ్ముడు హేబెలు పేరు కూడా అదే మాట. ఇది తెలిశాక ఆ పుస్తకం నాకు మళ్లీ కొత్తగా కనిపించింది, ఎందుకంటే పనికిమాలింది అనడం వేరు, గంజి వార్చేటప్పుడు లేచే ఆవిరిలా కళ్లముందే ఉంటుంది గానీ పట్టుకుందామంటే చేతికి రాదు అనడం వేరు.

ఇంకోటి, ఎర్రపెన్ను పక్కన పెట్టు. పాతికేళ్ల వయసులో నేను తప్పులు పట్టడానికే చదివాను, పరీక్ష పేపర్లు దిద్దినట్టు. నాలుగో అధ్యాయంలో బతికున్నవాళ్లకంటే చచ్చినవాళ్లే నయమంటాడు, తొమ్మిదికి వచ్చేసరికి చచ్చిన సింహంకంటే బతికున్న కుక్క మేలంటాడు. దొరికాడు దొంగ అని గీత కొట్టుకున్నాను. ఇప్పుడైతే, రాత్రి ఒకలా, తెల్లారాక ఇంకోలా అనిపించే మనిషి దేన్నీ దాచకుండా రాశాడనిపిస్తోంది.

ఆ గీతలు చూసింది మాతో పనిచేసిన ఒక మాస్టారి వాళ్లమ్మ. పుస్తకం ఆవిడదే, అంచులు ఎర్రగా ఉండే నల్లట్ట బైబిలు. తిరిగిచ్చేటప్పుడు పెద్ద తెలివిగా, అంతా వ్యర్థమే అని మీ పుస్తకమే ఒప్పుకుంటోంది కదండీ అన్నాను. ఆవిడ చేటలో మినుములు చెరుగుతూ తలెత్తకుండానే, "వ్యర్థమన్నాడు గానీ అన్నం మానేయమన్నాడా మాస్టారూ?" అంది. ఇంటికొచ్చి చూస్తే నిజంగానే ఉంది, కుక్క మాట తర్వాత మూడు వచనాలకు, పోయి సంతోషంగా నీ అన్నం తిను అని. నేను కుక్క దగ్గర గీత కొట్టి ఆగిపోయానన్నమాట! యూదుల్లో చాలామంది ఈ పుస్తకాన్ని పర్ణశాలల పండుగలో చదువుతారు. కొమ్మలు కప్పిన తాత్కాలికపు పాకల్లో గడిపే పండుగ అది, పంట చేతికొచ్చిన సంతోషంలో!

అందుకే నమ్మేవాళ్ల పక్కన కూర్చుని చదవమంటాను. వాదించకు, అలాగని వాళ్లకోసం లేని భక్తీ నటించకు, నాకు నమ్మకం లేదండీ అని ముందే చెప్పేయ్. ఆవిడకు ఆ పుస్తకమంతా చివర్న చెప్పిన దైవభయం కోసమే, నాకు తొమ్మిదో అధ్యాయం చాలు. మా ఇద్దరికీ దానివల్ల ఏ ఇబ్బందీ రాలేదు.

మనవాళ్ల దగ్గరా ఈ అనుమానాలకు కొదవ లేదు. ఋగ్వేదం పదో మండలంలో 129వ సూక్తం చూడు, ఏడే మంత్రాలు. ఈ సృష్టి ఎక్కడినుంచి వచ్చిందో పైనుంచి చూసేవాడికి తెలుసు, ఏమో, ఆయనకీ తెలియదేమో అని ఆపేస్తాడు. రామాయణంలో జాబాలి అనే ముని అయితే, ఇక్కడ ఒకడు తింటే ఇంకొకడి కడుపు నిండేటట్టయితే ఊరెళ్లేవాడికీ ఇంట్లోనే శ్రాద్ధం పెట్టొచ్చుగా, దారి బత్తెం ఎందుకని రాముడినే అడుగుతాడు. రాముడు మండిపడ్డాడనుకో, అయినా ఆ మాట పుస్తకంలోంచి పోలేదు.

ఒక్కటి మాత్రం సీరియస్‌గా చెబుతున్నా. అంతా శూన్యం అనిపించడం పుస్తకం మూసినా పోకుండా, వారాల తరబడి నిద్ర, తిండి లేకుండా చేస్తుంటే దాన్ని ప్రసంగి మీద పెట్టకు, డాక్టర్ దగ్గరికి వెళ్లు. ఒక్కడివే వెళ్లలేకపోతే నేనొస్తా.

ప్రసంగి అయ్యాక బైబిల్లోనే యోబు పుస్తకం. అది 42 అధ్యాయాలు, తొందరపడకు. ఆ నల్లట్ట బైబిలు ఇప్పుడు నా దగ్గరే ఉంది, ఆవిడే ఇచ్చింది. సంక్రాంతికి వస్తే తీసుకెళ్లు, వెనకట్ట ఊడింది, జాగ్రత్త.

మీ బాబాయ్