హీట్ ఫ్లక్స్ ప్రాజెక్టుతో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి డిప్లొమా ఈసీఈ ఆఖరి సంవత్సరంలో ఉన్నాడు. ప్రాజెక్టుకు హీట్ ఫ్లక్స్ సెన్సర్ తీసుకుంటానంటున్నాడు. తోటివాళ్లు ప్రాజెక్టు రెడీమేడ్‌గా కొనేసి ఈసెట్‌కు చదువుకుంటున్నారు. టెంపరేచర్ కొలిచే వస్తువుతో ఏం ఉద్యోగం వస్తుందండీ? టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, కావలి

జవాబు: అది టెంపరేచర్ కొలిచేది కాదండీ. మే నెలలో మీ మిద్దె స్లాబుకు కింద థర్మామీటర్ ఆనిస్తే స్లాబు ఎంత వేడిగా ఉందో తెలుస్తుంది. ఆ వేడి గదిలోకి చదరపు మీటరుకు ఎన్ని వాట్ల చొప్పున దిగుతోందో మాత్రం తెలియదు. హీట్ ఫ్లక్స్ సెన్సర్ చెప్పేది అదే. పలచటి పలక రెండు ముఖాల మధ్య వచ్చే కొద్దిపాటి టెంపరేచర్ తేడాకు లోపలి థర్మోకపుల్స్ (రెండు వేర్వేరు లోహపు తీగలు కలిపిన జంటలు) వోల్టేజీ పుట్టిస్తాయి. 1821లో సీబెక్ గమనించిన సంగతే ఇది. కె-టైప్ థర్మోకపుల్ ఒక్కటి డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులే ఇస్తుంది కాబట్టి చాలావాటిని వరసగా కలుపుతారు.

కంపెనీ సెన్సర్ ఖరీదు, కొనిపెట్టకండి. ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరికే 12706 పెల్టియర్ పలక చాలు. నాలుగు సెంటీమీటర్ల చదరం, లోపల 127 సెమీకండక్టర్ జంటలు, అవీ థర్మోకపుల్స్‌లాగే పనిచేస్తాయి. కింద అల్యూమినియం హీట్‌సింక్, పైన అదే సైజు చిన్న హీటర్, చుట్టూ థర్మాకోల్ పెట్టి ఒక వాట్ పంపితే, పలక వైశాల్యం 0.0016 చదరపు మీటర్లు కాబట్టి ఫ్లక్స్ చదరపు మీటరుకు 625 వాట్లు అవుతుంది. అప్పుడు పలక ఇచ్చే మిల్లీవోల్టులు ఎంత ఫ్లక్స్‌కు సమానమో తెలుస్తుంది, అదే దాని కాలిబ్రేషన్. థర్మాకోల్ గుండా ఎంత వేడి కారిపోయిందో కూడా లెక్కగట్టి రిపోర్టులో రాయమనండి. ఎగ్జామినర్ మొదట అడిగేది అదే!

ఆ వోల్టేజీ చదవడానికి పిల్లలు వాడే ఆర్డుయినో ఊనో బోర్డు సొంత ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే భాగం) దీనికి పనికిరాదు. దానికి ఒక మెట్టే దాదాపు 4.9 మిల్లీవోల్టులు, స్లాబు కింద వచ్చే సిగ్నల్ అందులోనే మాయమైపోవచ్చు. ఏడీఎస్1115 చిప్ అయితే 7.8 మైక్రోవోల్టుల దాకా చూస్తుంది. పలకకూ స్లాబుకూ మధ్య గాలి మిగలకుండా థర్మల్ పేస్టు పూయాలి. మిద్దెమీద సగం తెల్ల కూల్ రూఫ్ పెయింట్ వేయించి, రెండు వైపులా కొలిస్తే మంచి ప్రాజెక్టు. స్లాబు వేడి గదిలోకి ఎక్కువగా దిగేది మిట్టమధ్యాహ్నం కాదు, పొద్దు వాలాక. ఆ గ్రాఫు మీరూ చూడండి.

ఇక ఉద్యోగం. ‘హీట్ ఫ్లక్స్’ పేరుతో నోటిఫికేషన్ వెతికితే దొరకదు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. వాడు నేర్చేది ఇన్‌స్ట్రుమెంటేషన్. నేలటూరులోని దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం లాంటి చోట 800 మెగావాట్ల యూనిట్ నడవాలంటే థర్మోకపుల్స్, ఆర్టీడీలు (రెసిస్టెన్స్ మార్పుతో టెంపరేచర్ చెప్పే సెన్సర్లు) సరిగ్గా చదవాలి. అది కంట్రోల్ అండ్ ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగం పని. కాలిబ్రేషన్ ల్యాబుల్లో, కోల్డ్ స్టోరేజీల్లో కూడా ఇలాంటి పనే. శ్రీహరికోటలో టెక్నికల్ అసిస్టెంట్ పోస్టుకు ఫస్ట్ క్లాస్ డిప్లొమా అడుగుతారు, కాబట్టి మార్కులు వదులుకోకూడదు.

ఈసెట్ ఆపనక్కర్లేదు. ర్యాంకు వస్తే ఈఐఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ ఇన్‌స్ట్రుమెంటేషన్) కూడా ఆప్షన్లలో పెట్టించండి. రాకపోతే కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పథకం నాట్స్ పోర్టల్‌లో ఏడాది అప్రెంటిస్‌షిప్‌కు అప్లై చేయించండి, స్టైపెండ్ కూడా ఇస్తారు. కొన్న ప్రాజెక్టు జోలికి మాత్రం పోనివ్వకండి. కాలిబ్రేషన్ ఎలా చేశావని ఇంటర్వ్యూలో అడిగితే షాపువాడు వచ్చి చెప్పడు కదా.